పది పదిహేను లైన్ల ప్యాచ్, పదిహేడేళ్ల కథ

(విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పాల్గొన్న ఒక సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర కొన్ని ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. పోస్టర్ మీద "కెర్నెల్ భద్రత" అని చాలా పెద్ద మాట వేశారు. అంత విషయం నేను గంటలో చెప్పలేను. లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ నడిమి ప్రోగ్రామ్‌లో, ఒక్క ప్యాచ్ (తప్పు దిద్దే చిన్న కోడ్ మార్పు) తీసుకుని దాన్ని చివరిదాకా విప్పి చూపిస్తాను. 2016 అక్టోబర్ 13న, లినక్స్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా రాసిన ప్యాచ్ అది. మారినవి రెండు ఫైళ్లు, పది పదిహేను లైన్లు. టీ చల్లారేలోపు చదివేయొచ్చు. అది ఎందుకు అలా ఉందో అర్థం కావాలంటే మాత్రం 2005 దాకా వెనక్కి, 2022 దాకా ముందుకి వెళ్లాలి.

ఆ ప్యాచ్‌కి టోర్వాల్డ్స్ రాసిన వివరణ మొదట్లోనే ఒక మాట ఉంటుంది. ఇది పాతకాలపు బగ్ అట. పదకొండేళ్ల కిందట తానే దీన్ని సరిచేయబోయాడట, అదీ అధ్వానంగా చేశాడట. ప్రపంచంలో సగం సర్వర్లు నడిపే కోడ్‌లో ఇలాంటి మాట అంత మామూలుగా రాసి ఉంటే, ఆ కథేమిటో తెలుసుకోవాలనిపించదూ?

బగ్ పేరు డర్టీ కౌ. భద్రతా లోపాల జాబితాలో దాని అధికారిక నంబర్ సీవీఈ-2016-5195. ఫలితం ఒక్క ముక్కలో చెప్పాలంటే, చదివే హక్కు మాత్రమే ఉన్న ఫైల్‌లో మామూలు యూజర్ రాసేయగలగడం. అంటే పాస్‌వర్డ్ ఫైల్‌లో తన పేరు పక్కన సున్నా, అంటే సర్వాధికారాలున్న రూట్ యూజర్ నంబర్, పెట్టుకోవచ్చు. లేదా రూట్ హక్కుతో నడిచే ప్రోగ్రామ్‌లో తన కోడ్ దూర్చవచ్చు. రెండు దారులూ రూట్ దగ్గరికే వెళ్తాయి.

ఈ బగ్ రేస్ కండిషన్ తరహాది, అంటే ఒకేసారి నడిచే రెండు పనుల్లో ఏది ముందు జరిగితే దాన్నిబట్టి ఫలితం మారిపోవడం. రేస్ కండిషన్ అనగానే మనకు తట్టేది "ఎవడో లాక్ వేయడం మర్చిపోయాడు" అని. కాలేజీలో నేర్పేదీ అదే: ఇద్దరు ఒకే వేరియబుల్ మీద పడ్డారు, మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే రానిచ్చే లాక్) పెట్టండి, సమస్య తీరిపోయింది. డర్టీ కౌలో లాక్‌లన్నీ వేసే ఉన్నాయి. ఏ అడుగుకి ఆ అడుగు తీసి చూడండి, తప్పు కనిపించదు. జరిగిన పొరపాటు వేరు. అడిగినవాడు ఏం అడిగాడో ఆ సంగతిని పని మధ్యలో చెరిపేశారు. ఈ ముక్క పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది.

మెమరీ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ పాసైనవాళ్లు కాస్త ఓపిక పట్టండి, పాసవ్వనివాళ్లు ఇంకాస్త ఓపిక పట్టండి. (నవ్వులు)

డిస్క్ మీద ఉన్న ఫైల్‌ని మీ ప్రోగ్రామ్ ఎం-మ్యాప్ చేసిందనుకోండి, అంటే దాన్ని తన మెమరీలో భాగంలా చూపించమని అడిగిందనుకోండి. కెర్నెల్ ఆ ఫైల్‌ని పేజీల కింద, మామూలుగా 4 కిలోబైట్ల ముక్కలుగా, ర్యామ్‌లోకి తెస్తుంది. ఆ ముక్కలు ఉండే చోటు పేజ్ క్యాష్. వంద ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు) అదే ఫైల్‌ని తెరిచినా పేజ్ క్యాష్‌లో ఉండేది ఒక్క ప్రతే, అందరూ చూసేది దాన్నే. ప్రైవేట్ మ్యాపింగ్ తీసుకున్నవాడు రాయబోతే, అప్పటికప్పుడు ఆ పేజీకి నకలు తీసి వాడికి తగిలిస్తారు. వాడి రాతలు నకలు మీదే పడతాయి, అసలు ప్రతి చెక్కుచెదరదు. దీన్నే కాపీ ఆన్ రైట్ అంటారు, పొట్టిగా కౌ. ఇక పేజ్ టేబుల్‌లో ప్రతి పేజీకీ ఒక ఎంట్రీ ఉంటుంది. అది ఏ ఫిజికల్ పేజీకి దారి, అందులో రాయనివ్వొచ్చా, ఎవరైనా ఇప్పటికే రాశారా అన్న వివరాలు అందులో ఉంటాయి. ఆ మూడోదే డర్టీ బిట్. దాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని అవసరం పడుతుంది.

సరే, రాసే హక్కు లేని పేజీలో రాయాల్సిన అవసరం నిజాయితీపరుడికి ఎందుకొస్తుంది? డీబగ్గర్‌కి, అంటే ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే సాధనానికి, వస్తుంది. మీరు జీడీబీ అనే డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాల్సిన చోటు) పెట్టినప్పుడు, అది ప్రోగ్రామ్ కోడ్‌లో ఒక ఇన్‌స్ట్రక్షన్ తీసేసి ఆ జాగాలో ట్రాప్ ఇన్‌స్ట్రక్షన్ రాస్తుంది. కోడ్ ఉండే పేజీలేమో రీడ్ ఓన్లీ. అందుకని పీట్రేస్‌కీ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పరిశీలించడానికి వాడే కాల్), ప్రోగ్రామ్ మెమరీనే ఫైల్‌లా చూపించే ప్రాక్ సెల్ఫ్ మెమ్ అనే ప్రత్యేక ఫైల్‌కీ కెర్నెల్ ఒక వెసులుబాటు ఇచ్చింది. పేజీ రీడ్ ఓన్లీ అయినా సరే, ప్రైవేట్ మ్యాపింగ్ అయితే నకలు తీసి అందులో రాసుకో అంది. ఈ వెసులుబాటుకి గుర్తు ఫోల్ ఫోర్స్ అనే ఫ్లాగ్. "రాయడానికి అడుగుతున్నాను" అనడానికి గుర్తు ఫోల్ రైట్. ఈ రెండు ఫ్లాగులు పట్టుకుని కెర్నెల్ పేజీ కోసం వెతుకుతుంది.

ఇప్పుడు కోడ్ పక్కన పెట్టి తహసీల్దార్ ఆఫీసుకి వెళ్దాం. అక్కడ పహాణీ రిజిస్టర్ ఉంది. కోస్తా నుంచి వచ్చినవాళ్లు అడంగల్ అనుకోండి. మీరు కౌంటర్‌లో చీటీ ఇచ్చారు: "ఫలానా పేజీ కావాలి, రాసుకోవడానికి." అసలు రిజిస్టర్‌లో ఎవరూ రాయనివ్వరు కాబట్టి గుమాస్తా ఆ పేజీకి జిరాక్స్ తీసి బల్ల మీద పెట్టాడు. అసలు పేజీ మీద "చూడటానికి మాత్రమే" అని ముద్ర ఉంది, జిరాక్స్‌లో అది కూడా పడింది. ఆఫీసు రూలు ప్రకారం బల్ల మీది కాగితాన్ని చీటీతో సరిచూసి గానీ చేతికివ్వకూడదు. చీటీలో "రాసుకోవడానికి" అని ఉంది, కాగితం మీద "చూడటానికి మాత్రమే" అని ఉంది. కుదరలేదు, మళ్లీ లోపలికి పంపారు. లోపలాయన విసుక్కుని, "జిరాక్స్ తీశాం కదయ్యా, ఇంకేంటి గొడవ" అని చీటీ మీద "రాసుకోవడానికి" కొట్టేసి "చూడటానికి" అని దిద్దాడు. ఈసారి కాగితం, చీటీ కలుస్తాయి, పని అయిపోతుంది అని ఆయన లెక్క. సరిగ్గా అప్పుడే మీ తమ్ముడొచ్చి బల్ల మీది జిరాక్స్ చించి బుట్టలో వేశాడు. గుమాస్తా వచ్చి చూస్తే బల్ల ఖాళీ. చీటీ చూశాడు, "చూడటానికి" అని ఉంది. చూడటానికే అయితే జిరాక్స్ దండగ కదా అని అసలు రిజిస్టరే తెచ్చి పెట్టాడు. చీటీ సరిపోయింది, మీ చేతికిచ్చాడు. మీ చేతిలో పెన్ను ఉంది.

అంతే బగ్. ఇక ఆఫీసు వదిలేసి కోడ్‌లోకి వద్దాం.

దాడి చేసేవాడు ఒక ఫైల్‌ని చదవడానికే తెరుస్తాడు. రీడ్ ఓన్లీగా, ప్రైవేట్‌గా మ్యాప్ చేస్తాడు. ఇంతవరకూ అన్నీ అతనికి హక్కున్న పనులే. తర్వాత రెండు థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే రెండు పనులు, మొదలుపెడతాడు. మొదటి థ్రెడ్ ప్రాక్ సెల్ఫ్ మెమ్ ద్వారా ఆ మ్యాప్ అడ్రస్‌లో అదేపనిగా రాస్తుంటుంది. రెండో థ్రెడ్ ఎం-అడ్వైజ్ అనే సిస్టమ్ కాల్‌ని (కెర్నెల్‌కి పెట్టే అభ్యర్థన) డోంట్ నీడ్ అన్న సలహాతో అదేపనిగా పిలుస్తుంటుంది. దానర్థం "ఈ పేజీలు నాకిక అక్కర్లేదు, తీసేయ్" అని. ఇదీ తప్పేమీ కాదు, మెమరీ తిరిగి ఇచ్చేయడానికి మంచి ప్రోగ్రాములు రోజూ వాడే కాల్.

కెర్నెల్‌లో రాత అభ్యర్థన వచ్చినప్పుడు నడిచేది గెట్ యూజర్ పేజెస్ అనే ఫంక్షన్. దాని గుండెకాయ ఒక చిన్న లూప్. లూప్ మొదట్లో రీట్రై అని లేబుల్. దాని కింద కాండ్ రీషెడ్, అంటే "ఇంకెవరైనా సీపీయూ కోసం ఎదురుచూస్తుంటే వాళ్లకివ్వు" అని. తర్వాత ఫాలో పేజ్: పేజ్ టేబుల్‌లో చూసి, పేజీ ఉండి, అడిగిన హక్కు సరిపోతే తెచ్చిస్తుంది. లేకపోతే ఫాల్ట్ ఇన్ పేజ్: పేజీని సిద్ధం చేస్తుంది. సిద్ధం చేశాక మళ్లీ రీట్రైకి వెళ్తుంది.

మొదటి చుట్టులో పేజీ లేదు. ఫాల్ట్. రాయడానికి అడిగారు కాబట్టి నకలు తయారైంది. కానీ మ్యాపింగ్ రీడ్ ఓన్లీ కాబట్టి ఆ నకలుకి కూడా రాసే అనుమతి బిట్ పెట్టలేదు, డర్టీ బిట్ మాత్రం పెట్టింది. రెండో చుట్టులో పేజీ ఉంది గానీ రాసే అనుమతి లేదు, మళ్లీ ఫాల్ట్. ఈసారి కెర్నెల్ చూసి "నకలు తీసే ఉంది కదా" అని జవాబిస్తుంది. ఆ జవాబు రాగానే ఫాల్ట్ ఇన్ పేజ్ ఒక పని చేస్తుంది. ఫ్లాగుల్లోంచి ఫోల్ రైట్‌ని తీసేస్తుంది. తీసేయకపోతే ఈ లూప్ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే రాసే అనుమతి బిట్ ఎన్ని చుట్లు తిరిగినా రాదు. ఆ ఇరుకులోంచి బయటపడటానికి పట్టిన అడ్డదారి అది. ప్యాచ్ శీర్షికలో టోర్వాల్డ్స్ దీన్ని "ఆటలు" అనే అన్నాడు: ఫోల్ రైట్ ఆటల్ని తీసేయడం.

మూడో చుట్టులో మామూలుగా అయితే ఫాలో పేజ్ నకలుని తెచ్చివ్వాలి. రెండుకీ మూడుకీ మధ్య ఉన్న సందులో ఎం-అడ్వైజ్ దూరి నకలుని తీసేసిందనుకోండి. ఎంట్రీ ఖాళీ. మళ్లీ ఫాల్ట్. అడిగినది ఇప్పుడు రాత కాదు, ఉత్త చదువు. చదువుకి నకలు అవసరం లేదు కాబట్టి పేజ్ క్యాష్‌లోని అసలు పేజీనే తగిలిస్తుంది. నాలుగో చుట్టులో ఫాలో పేజ్ దాన్ని సంతోషంగా తెచ్చిస్తుంది. పైన ఎదురుచూస్తున్న ఫంక్షన్‌కి ఈ గొడవేదీ తెలియదు. అది రాయడానికి అడిగింది, పేజీ వచ్చింది, రాసేసింది. రాసి, మర్యాదగా ఆ పేజీని డర్టీ అని గుర్తు కూడా పెడుతుంది, డిస్క్‌కి చేరాలి కదా! దొంగకి తలుపు తీసి, సామాను బండి కూడా ఎక్కించినట్టు.

ఆ సందు చాలా చిన్నది. కానీ కంప్యూటర్‌కి విసుగు రాదు. దాడి ప్రోగ్రామ్ కోట్ల సార్లు ప్రయత్నిస్తుంది, ఒక్కసారి తగిలితే చాలు. చాలా మెషీన్ల మీద కొన్ని సెకన్లలోనే తగిలేది.

ఇప్పుడు లాక్‌ల సంగతి. పేజ్ టేబుల్ ఎంట్రీని ముట్టుకున్న ప్రతిసారీ పేజ్ టేబుల్ లాక్ పట్టుకునే ముట్టుకున్నారు. ప్రాసెస్ మెమరీ మొత్తానికీ ఉండే పెద్ద లాక్, ఎంమ్యాప్ సెమ్, అది కూడా లూప్ పొడుగునా చేతిలోనే ఉంది. మరి ఎం-అడ్వైజ్ ఎలా దూరింది? ఎంమ్యాప్ సెమ్ రీడర్ రైటర్ తరహా లాక్. రీడర్లుగా ఎందరైనా ఒకేసారి పట్టుకోవచ్చు. గెట్ యూజర్ పేజెస్ రీడర్‌గా పట్టుకుంది, ఎం-అడ్వైజ్ కూడా రీడర్‌గానే పట్టుకుంది.

ఒకప్పుడు అలా ఉండేది కాదు. ఎం-అడ్వైజ్ రైటర్‌గా, అంటే ఒంటరిగా పట్టుకునేది. థ్రెడ్లు ఎక్కువున్న ప్రోగ్రాములు దానివల్ల నత్తనడక నడుస్తున్నాయని, కుదిరినచోటల్లా రీడర్‌గా పట్టుకునేలా 2007లో మార్చారు. అది 2.6.22 వెర్షన్‌లో వచ్చింది. డర్టీ కౌ ఏ వెర్షన్ నుంచి ఉందని అడిగితే అందరూ చెప్పేదీ 2.6.22 అనే. వేగం కోసం చేసిన ఆ మార్పులో నాకైతే తప్పు కనిపించదు. రెండు ఫంక్షన్ల మధ్య రాతలో లేని ఒప్పందం ఒకటి ఉంది: "నేను లూప్‌లో ఉన్నంతసేపు నా నకలు ఎక్కడికీ పోదు" అని. రాతలో లేనిదాన్ని మార్చేవాడు ఎలా గౌరవిస్తాడు?

2005కి వెళ్దాం. అప్పుడే ఈ రేస్ ఉందని టోర్వాల్డ్స్ గమనించాడు, ఆగస్టులో ఒక ప్యాచ్ పెట్టాడు. నకలు నిజంగా తీశామా లేదా అన్నది తేల్చడానికి డర్టీ బిట్‌ని సాక్ష్యంగా తీసుకోవాలన్నది ఆలోచన. కానీ ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల మీద నడిచే లినక్స్, ఎస్390 అంటారు, అక్కడ అది పనిచేయలేదు. ఆ యంత్రాల్లో డర్టీ అన్న సమాచారం పేజ్ టేబుల్ ఎంట్రీలో ఉండదు. ఫిజికల్ పేజీకి అతికించిన స్టోరేజ్ కీలో ఉంటుంది. దాంతో రెండు రోజుల్లోనే ఆ ప్యాచ్‌ని తిప్పేసి, ఫోల్ రైట్‌ని తీసేసే పద్ధతి తెచ్చారు. రేస్ సంగతి తెలుసు, కానీ అది కాగితం మీద తప్ప జరగదనుకున్నారు. 2005లో అది నిజానికి దగ్గరే. తర్వాత కోర్లు పెరిగాయి, లాక్‌లు సన్నబడ్డాయి. కాగితం మీది రేస్ చేతికందే రేస్ అయింది. ఎస్390 వాళ్లు 3.9 వెర్షన్ నాటికి సాఫ్ట్‌వేర్ డర్టీ బిట్ తెచ్చుకున్నారు, అంటే అడ్డంకి తొలగిపోయింది. కానీ వెనక్కి వెళ్లి "ఇప్పుడు ఆ పాత బగ్ సరిచేయొచ్చు" అని గుర్తుచేసేవాళ్లు ఎవరూ లేకపోయారు. మన ఆఫీసుల్లో కూడా అంతే కదండీ, "తర్వాత చూద్దాం" అని టికెట్ మూసేస్తాం. ఆ "తర్వాత" ఎవరి క్యాలెండర్‌లోనూ ఉండదు.

గుర్తుచేసినవాడు చివరికి దొంగే. ఫిల్ ఓస్టర్ అనే డెవలపర్ తన సర్వర్‌కి వచ్చే హెచ్‌టీటీపీ ట్రాఫిక్‌ని రికార్డు చేసి పెట్టుకునే అలవాటున్నవాడు. ఒక సర్వర్ మీద దాడి జరిగాక ఆ రికార్డులోంచి దాడి ప్రోగ్రామ్‌ని బయటికి తీశాడు. అంటే మనం తెలుసుకునేసరికే ఎవరో దీన్ని వాడుతున్నారు. ప్యాచ్‌లో ఆయనకి కృతజ్ఞతగా రాసిన లైన్‌లో పేరు మధ్యలో "పాల్ కాదు" అని చేర్చారు. కెర్నెల్ వాళ్ల హాస్యం ఆ స్థాయిలోనే ఉంటుంది.

2016 అక్టోబర్ 20న 4.8.3, 4.7.9, 4.4.26 వెర్షన్లు ప్యాచ్‌తో విడుదలయ్యాయి. మొదట బయటపడ్డ దాడి రెడ్‌హ్యాట్ సంస్థ లినక్స్ వెర్షన్లు 5, 6 మీద నడవలేదు, ఎందుకంటే ఆ పాత కెర్నెళ్లలో ప్రాక్ సెల్ఫ్ మెమ్‌లో రాయనివ్వరు. హమ్మయ్య అనుకునేలోపే పీట్రేస్ దారిలో అదే పని చేసే ప్రోగ్రామ్ వచ్చేసింది. ఒక దాడి ప్రోగ్రామ్ నడవలేదంటే బగ్ లేదని కాదు, ఆ ఒక్క ప్రోగ్రామ్ నడవలేదని మాత్రమే. కంటైనర్లలో, అంటే ఒకే కెర్నెల్ మీద విడివిడి గదుల్లా ప్రోగ్రాములు నడిపే ఏర్పాటులో, ఉన్నవాళ్లూ తప్పించుకోలేదు. కెర్నెల్ ప్రతి ప్రాసెస్‌కీ వీడీఎస్‌ఓ అని ఒక చిన్న కోడ్ పేజీ పంచుతుంది, టైమ్ అడగడం లాంటి పనులకు. కంటైనర్ లోపల, బయట అందరికీ అదే పేజీ. అందులో రాసేస్తే బయట రూట్‌గా నడుస్తున్న ప్రాసెస్ టైమ్ అడిగినప్పుడు మీ కోడ్ నడుస్తుంది.

సర్వర్లు వారాల్లో సర్దుకున్నాయి, ఫోన్లు సర్దుకోలేదు. ఆండ్రాయిడ్ కింద ఉన్నదీ లినక్సే. 2017 సెప్టెంబర్‌లో ట్రెండ్ మైక్రో సంస్థ జడ్‌నియు అనే మాల్‌వేర్ గురించి చెప్పింది. డర్టీ కౌ వాడుకున్న మొదటి ఆండ్రాయిడ్ మాల్‌వేర్ అది. నలభైకి పైగా దేశాల్లో కనిపించింది, బాధితుల్లో ఎక్కువమంది చైనాలో, మన దేశంలో. ప్యాచ్ వచ్చి అప్పటికి దాదాపు ఏడాది. మన చేతుల్లో ఉన్న చవక ఫోన్లకి ఆ ప్యాచ్ ఎప్పుడు చేరిందో, అసలు చేరిందో లేదో, ఈ హాల్లో చాలామందికి అనుభవమే.

ఇక మరమ్మతు. మూడు చిన్న మార్పులు. ఒకటి, ఫోల్ రైట్‌ని తీసేసే లైన్ పోయింది. దాని చోట ఫోల్ కౌ అనే కొత్త ఫ్లాగ్ పెట్టే లైన్ వచ్చింది. "నకలు తీశాం" అన్న సంగతికి ఇప్పుడు సొంత గుర్తు ఉంది. "రాయడానికి అడిగారు" అన్న సంగతి అలాగే నిలిచింది. రెండు, ఫాలో పేజ్‌లో తనిఖీ మారింది. రాసే అనుమతి బిట్ ఉంటే సరే. లేకపోతే ఫోల్ ఫోర్స్, ఫోల్ కౌ రెండూ ఉండి, ఆ ఎంట్రీ డర్టీగా కూడా ఉంటేనే ఇస్తారు. మూడు, ఆ తనిఖీ కోసం ఒక చిన్న ఫంక్షన్, పైన రెండు మూడు లైన్ల కామెంట్.

దాడి మళ్లీ నడిపి చూడండి. మధ్యలో ఎం-అడ్వైజ్ నకలుని తీసేసింది. ఎంట్రీ ఖాళీ. ఫాల్ట్. కానీ ఫోల్ రైట్ ఇంకా ఉంది కాబట్టి కెర్నెల్ కొత్త నకలు తీస్తుంది. అసలు పేజీ దగ్గరికి వెళ్లే దారే మూసుకుపోయింది. ఒకవేళ ఇంకేదో విధంగా అసలు పేజీ వచ్చి కూర్చున్నా, దాని ఎంట్రీ డర్టీగా ఉండదు కాబట్టి రెండో తనిఖీ ఆపేస్తుంది. ఎం-అడ్వైజ్ ఎన్నిసార్లు దూరినా రాతగాడు ఇంకో చుట్టు తిరుగుతాడు, అంతే. అంటే రేస్ పోలేదు! ఇద్దరూ ఇప్పటికీ పోటీ పడుతూనే ఉన్నారు. ఎవరు గెలిచినా ఫలితం సరైనదే వచ్చేలా చేశారు. పెద్ద లాక్ వేసి ఇద్దర్నీ విడదీయడం కంటే ఇది మేలైన పని అని నా అభిప్రాయం. 2007 ముందు మాదిరి ఎం-అడ్వైజ్‌ని మళ్లీ ఒంటరి లాక్‌లోకి నెట్టేస్తే, ప్రతి థ్రెడ్డెడ్ ప్రోగ్రామూ ఆ ఖరీదు కడుతుంది. పైగా పేజీలను తీసేసేది ఎం-అడ్వైజ్ ఒక్కటే కాదు, మెమరీ తక్కువైతే కెర్నెల్ కూడా తీసేస్తుంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. డర్టీ బిట్‌ని సాక్షిగా తెచ్చుకున్నాం కదా. సాక్షి అబద్ధం చెబితే?

ఇదే తనిఖీని 2 మెగాబైట్ల పెద్ద పేజీలకు కూడా రాశారు. అక్కడ టచ్ పీఎండీ అనే ఇంకో ఫంక్షన్ ఉంది. ఎవరైనా పేజీని ముట్టుకుంటే, రాయకపోయినా సరే, ఎంట్రీని డర్టీ చేసేస్తుంది. ఇదివరకు దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఇప్పుడు డర్టీ అంటే "నకలు తీశారు" అని అర్థం వచ్చింది కాబట్టి, ఆ పాత అలవాటు దొంగ సాక్ష్యమైంది. 2017 నవంబర్‌లో బిండెసీ అనే సంస్థ పరిశోధకులు దీన్ని బయటపెట్టారు. పేరు హ్యూజ్ డర్టీ కౌ, సీవీఈ-2017-1000405. అన్ని ప్రాసెస్‌లూ పంచుకునే సున్నాల పెద్ద పేజీ ఒకటి ఉంటుంది. అందులో రాయగలిగారు. సున్నా ఉంటుందని నమ్మి చదివే ప్రతి ప్రోగ్రామూ అక్కడ ఇంకేదో చూస్తుంది. డిస్క్ ఫైళ్ల జోలికి వెళ్లే దారి లేదు కాబట్టి తీవ్రత తక్కువ. మరమ్మతు సులువే: రాయడానికి అడిగితేనే డర్టీ చెయ్.

2022లో మళ్లీ అదే. 5.16 వెర్షన్‌లో టీఎంపీఎఫ్ఎస్‌కి (ఫైళ్లని మెమరీలోనే ఉంచే ఫైల్ సిస్టమ్) సంబంధించి ఒకచోట, ఎంట్రీని ఏ షరతూ లేకుండా డర్టీ చేసే మార్పు వచ్చింది. దాన్ని యూజర్ ఫాల్ట్ ఎఫ్‌డీతో (పేజీ ఫాల్ట్‌లని ప్రోగ్రామే చూసుకోనిచ్చే సౌకర్యం) కలిపితే డర్టీ కౌ తిరిగొచ్చింది, టీఎంపీఎఫ్ఎస్ ఫైళ్ల వరకే. సీవీఈ-2022-2590. దీన్ని పట్టుకున్న డేవిడ్ హిల్డెన్‌బ్రాండ్ ఈసారి సాక్షినే మార్చేశాడు. అప్పటికి కెర్నెల్‌లో ఒక కొత్త గుర్తు వచ్చింది: "ఈ అనామక పేజీ అచ్చంగా ఈ ఒక్క ప్రాసెస్‌దే" అని చెప్పేది. ఫోల్ ఫోర్స్‌తో రాయాలంటే పేజీకి ఆ గుర్తు ఉండాలన్నాడు. అనామక పేజీ ఏ ఫైల్‌దీ కాదు కాబట్టి, పేజ్ క్యాష్ పేజీకి ఆ గుర్తు ఎప్పటికీ రాదు. డర్టీ బిట్ అవసరం పోయింది, దాంతోపాటు ఫోల్ కౌ ఫ్లాగే పోయింది. 2016లో అందరూ మెచ్చుకున్న ఆ ప్యాచ్‌లో ప్రధానమైన ముక్క 6.0 నుంచి కెర్నెల్‌లో లేదు.

"నకలు తీశాం" అనేది జరిగిపోయిన సంగతి. "ఇది నకలు" అనేది ఇప్పుడు ఎదురుగా ఉన్న పేజీ లక్షణం. మొదటిదాన్ని నమ్ముకుంటే మధ్యలో ఏం జరిగిందో తెలియదు. రెండోదాన్ని లాక్ పట్టుకుని అక్కడికక్కడే చూసుకోవచ్చు. 2005 నుంచి 2022 దాకా ఈ కోడ్ ప్రయాణమంతా మొదటిదాని నుంచి రెండోదానికే.

ఒక పిట్టకథ. అసలు గొడవంతా ఫోల్ ఫోర్స్ వల్లే కదా, దాన్నే పీకేస్తే పోలేదా అని 2017లో టోర్వాల్డ్స్ ప్రాక్ సెల్ఫ్ మెమ్ నుంచి దాన్ని తీసేసి చూశాడు. జూలియా భాష జిట్ కంపైలర్ (ప్రోగ్రామ్ నడుస్తుండగానే కోడ్ తయారుచేసేది), ఆర్ఆర్ అనే డీబగ్గర్ రెండూ దాని మీదే ఆధారపడ్డాయని తేలింది. వెనక్కి తెచ్చిన ప్యాచ్‌కి ఆయన పెట్టిన శీర్షిక, అవును, జనం ఫోల్ ఫోర్స్ వాడుతున్నారు అని. పక్కన కన్నుకొట్టే బొమ్మ కూడా ఉంది.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: సార్, ఇప్పుడు కెర్నెల్‌లో డేటా రేస్‌లు పట్టే టూల్ ఉంది కదా, కేసీశాన్. అది ఉంటే ఇది ముందే దొరికేదా?

దొరికేది కాదమ్మా. కేసీశాన్ 2020లో, 5.8 వెర్షన్‌లో వచ్చింది. ఒకే మెమరీ చోటుని ఇద్దరు లాక్ లేకుండా ముట్టుకుంటే అది అరుస్తుంది. ఇక్కడ ఎంట్రీని ముట్టుకున్న ప్రతిసారీ లాక్ ఉంది. రెండు లాక్‌ల మధ్య మనం నమ్ముకున్న విషయం మారిపోయింది. ఆ నమ్మకం టూల్‌కి కనిపించదు, మనం ఎక్కడైనా రాసిపెడితే తప్ప.

ప్రశ్న: కెర్నెల్‌ని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి ఉంటే?

సగం సమాధానమే చెప్పగలను. రస్ట్ మెమరీ తప్పులు ఆపుతుంది, లాక్ లేకుండా డేటా ముట్టుకోనివ్వదు. ఈ బగ్‌లో ఆ రెండు తప్పులూ లేవు. కాకపోతే "రాయడానికి తెచ్చిన పేజీ", "చదవడానికి తెచ్చిన పేజీ" రెండింటికీ వేర్వేరు టైపులు పెట్టి డిజైన్ చేసి ఉంటే, చదవడానికి తెచ్చినదాన్ని రాసే ఫంక్షన్‌కి ఇవ్వబోతే కంపైలర్ ఒప్పుకునేది కాదు. ఆ డిజైన్ మనిషే ఆలోచించాలి.

ప్రశ్న: అండీ, మా క్లయింట్ సర్వర్‌లో యూనేమ్ (కెర్నెల్ వెర్షన్ చూపే కమాండ్) కొడితే 3.10 అని వస్తుంది. 4.8.3 కంటే పాతది కదా, భయపడాలా?

మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే పొరబడతారు. 3.10 అంటే బహుశా రెడ్‌హ్యాట్ 7 లేదా సెంట్‌ఓఎస్ 7 అయి ఉంటుంది. వాళ్లు వెర్షన్ నంబర్ మార్చకుండా ప్యాచ్‌లు మాత్రం వెనక్కి తెచ్చి కలుపుతారు. కాబట్టి మొదటి రెండు అంకెలు చూసి భయపడొద్దు, ధైర్యమూ పడొద్దు. దాని వెనక ఉండే పొడుగు నంబర్ చూడండి. ఆ లైన్‌లో డర్టీ కౌ మరమ్మతు 327.36.3తో వచ్చింది. ఇంకా తేలిగ్గా, కెర్నెల్ ఆర్‌పీఎం ప్యాకేజీ చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) తీసి అందులో 2016-5195 అని వెతకండి. ఒక్క సంగతి, ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయితే సరిపోదు, నడుస్తున్న కెర్నెల్ కూడా అదే అయి ఉండాలి. ఎప్పుడో అప్‌డేట్ చేసి రీబూట్ చేయడం మర్చిపోయిన సర్వర్లు చాలా ఉంటాయి. యూనేమ్ చూపించే నంబర్ పాతదే అయితే, శనివారం దాకా ఆగకుండా ఈ రాత్రికే క్లయింట్‌ని డౌన్‌టైమ్ అడగండి.